అక్కడ టైమ్‌టేబుల్ మీరే వేసుకోవాలి

ఆగస్టులో అమెరికా ఫ్లైట్ ఎక్కబోయే వాళ్ల ఇళ్లలో జూన్, జులై నెలల్లో నడిచే మాటలు దాదాపు ఒకటే. వీసా స్టాంపింగ్ అయిందా, లోన్ శాంక్షన్ అయిందా, రూమ్మేట్స్ దొరికారా, సూట్‌కేసు 23 కిలోలు దాటుతోందా, ఆవకాయ ఎందులో సర్దాలి. ఈ హడావుడిలో యూనివర్సిటీ పంపిన ఒక మెయిల్ తెరవకుండానే ఉండిపోతుంది. ఫాల్ సెమిస్టర్‌కు క్లాసుల రిజిస్ట్రేషన్ మొదలైందని చెప్పే మెయిల్ అది. అడ్మిషన్ వచ్చింది, డిపాజిట్ కట్టాం, మళ్లీ ఈ రిజిస్ట్రేషన్ ఏంటి అనుకుని పక్కన పెట్టేస్తారు.

మన దగ్గర బీటెక్ చదివిన వాళ్లకు ఆ అనుమానం సహజమే. కౌన్సెలింగ్‌లో సీటొస్తుంది, కాలేజీలో రిపోర్ట్ చేస్తాం, సెక్షన్ ఇస్తారు, నోటీసు బోర్డులో టైమ్‌టేబుల్ అంటిస్తారు. వెళ్లి కూర్చోవడమే మన పని. బీటెక్ అంటే 160 క్రెడిట్లని మెమోల్లో చూస్తూనే ఉన్నా, వాటిలో మనంతట మనం ఎంచుకున్నవి చాలా తక్కువ. ఓపెన్ ఎలెక్టివ్ కూడా బ్రాంచంతా కలిసి ఒకటే తీసుకునే కాలేజీలు ఎన్నో.

అక్కడ అలా కాదు. ఐ-20 రావడం వేరు, సెమిస్టర్‌లో క్లాసులకు చేరడం వేరు. ఏ సబ్జెక్టు, ఏ ప్రొఫెసర్ దగ్గర, ఏ రోజు, ఏ టైమ్‌కి అన్నది పోర్టల్‌లోకి వెళ్లి మీరే బుక్ చేసుకోవాలి. ఎంఎస్‌లో మొదటి సెమిస్టర్‌కి తీసుకునేది సాధారణంగా మూడే మూడు కోర్సులు. ఆ మూడింటి మీదే మీ వీసా స్టేటస్, మీ లోన్ డబ్బు, వచ్చే వేసవిలో ఇంటర్న్‌షిప్ అవకాశం ఆధారపడి ఉంటాయి. అందుకే రిజిస్ట్రేషన్‌ను అడ్మిషన్ తంతులో చివరి ఫారంలా కాకుండా ఉద్యోగ వేటలో మొదటి పనిలా చూడాలి.

తొమ్మిది లెక్క

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి ప్రతి ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్ చదవాలి. బ్యాచిలర్స్‌కి అది కనీసం 12 క్రెడిట్లని నిబంధనల్లోనే ఉంది. మాస్టర్స్‌కి ఎంత అన్నది యూనివర్సిటీ చెప్తుంది. చాలాచోట్ల అది 9 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు. మీరు వచ్చి చేరారని, ఫుల్‌టైమ్ రిజిస్టర్ అయ్యారని యూనివర్సిటీ సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో నమోదు చేస్తుంది. ఐ-20లో ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 30 రోజుల్లో ఇది జరగాలి. ఈ పని చూసే అధికారిని డీఎస్‌ఓ అంటారు. ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉంటారు. అమెరికాలో మీకు ప్రొఫెసర్ల కంటే ముందు పరిచయం కావాల్సింది వీళ్లే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. 9 క్రెడిట్లలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి మాత్రమే, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. క్లాసుకెళ్లే సెక్షన్లు నిండిపోయి, ఆన్‌లైన్ సెక్షన్‌లో సీట్లు ఖాళీగా కనిపిస్తే రెండు తీసేసుకోవాలనిపిస్తుంది. పోర్టల్ కూడా అడ్డు చెప్పకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కి మీ సీటు సంగతే తెలుసు, మీ వీసా సంగతి తెలియదు. అలా తీసుకుంటే కాగితం మీద 9 ఉన్నా ఇమిగ్రేషన్ లెక్కలో 6 మాత్రమే. సెక్షన్ పేరు పక్కన క్లాస్‌రూమా, హైబ్రిడా, పూర్తి ఆన్‌లైనా అని రాసి ఉంటుంది. హైబ్రిడ్ అని ఉంటే ఎలా లెక్కేస్తారో డీఎస్‌ఓని ముందే మెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉండటం మంచిది.

ఇదే లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో క్రెడిట్‌కు ఉన్న నిర్వచనం దాదాపు ఇదే. ఆ ప్రకారం 9 క్రెడిట్లంటే వారానికి 27 గంటలు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పని చేసుకోవడానికి అనుమతి వారానికి 20 గంటల దాకా. రెండూ కలిపితే 47. వంట, బట్టలు, బస్సు ప్రయాణం, ఉద్యోగాలకు అప్లికేషన్లు ఇందులో లేవు. ‘మూడు సబ్జెక్టులే కదా, బీటెక్‌లో ఆరు చదివాం’ అనే మాట సెప్టెంబరు రెండో వారానికి వినపడదు.

హోల్డ్ తీస్తేనే తలుపు తెరుచుకునేది

రిజిస్ట్రేషన్ తేదీ వచ్చిందని లాగిన్ అయితే ‘మీ అకౌంట్‌పై హోల్డ్ ఉంది’ అని ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. భయపడక్కర్లేదు, ఏదో ఒక కాగితం బాకీ ఉందని దానర్థం. ఎక్కువగా కనిపించేవి టీకాల హోల్డ్, సర్టిఫికెట్ల హోల్డ్, అడ్వైజింగ్ హోల్డ్, ఇంటర్నేషనల్ చెక్-ఇన్ హోల్డ్. చివరిది చాలాచోట్ల అమెరికాలో దిగి, పాస్‌పోర్టు, వీసా, ఐ-94 అప్‌లోడ్ చేశాక గానీ పోదు. మిగతావన్నీ ఇక్కడే తీయించుకోవచ్చు.

టీకాల విషయంలో ఆలస్యం చేస్తే ఇబ్బంది. ఎంఎంఆర్ రెండు డోసులు చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. రెంటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. చిన్నప్పుడు వేయించిన కార్డు దొరక్కపోతే ప్రయాణానికి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. టెక్సస్‌లో 22 ఏళ్లలోపు వాళ్లయితే మెనింజైటిస్ టీకా క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, అక్కడ అది రాష్ట్ర చట్టం. టీబీ పరీక్ష అడిగితే స్కిన్ టెస్టా, రక్తపరీక్షా చూసుకోండి. మనలో చాలామందికి పుట్టినప్పుడే బీసీజీ వేస్తారు కాబట్టి స్కిన్ టెస్టులో జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. ఇగ్రా అనే రక్తపరీక్షకు ఆ సమస్య లేదు.

సర్టిఫికెట్ల సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫైనల్ ఇయర్ ఫలితాలు, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో ఎప్పుడొస్తాయో మన చేతిలో ఉండదు. చాలా యూనివర్సిటీలు మొదటి సెమిస్టర్‌కి వదిలేసి, ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ అందకపోతే రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపుతాయి. అప్పుడు అక్టోబరులో నాన్నని కాలేజీ చుట్టూ తిప్పాల్సి వస్తుంది. సీల్డ్ కవర్లు రెండు మూడు ఎక్కువే తీసుకుని వెళ్లండి. ఆఫీసు క్లర్క్ గారు విసుక్కున్నా పర్లేదు.

అలాగే మీ బీటెక్ సిలబస్ పుస్తకం, ప్రతి సబ్జెక్టు యూనిట్లతో సహా, పీడీఎఫ్‌గా దగ్గర పెట్టుకోండి. దీని అవసరం ఎక్కడంటే లెవలింగ్ కోర్సుల దగ్గర. మెకానికల్, సివిల్, ఈసీఈ చదివి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరేవాళ్లకు డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటివి ముందు పూర్తి చేయమని షరతు పెడతారు. వీటికి ఫీజు మామూలే. వారంలో గంటలూ మామూలే. డిగ్రీకి కావాల్సిన 30 లేదా 36 క్రెడిట్లలో మాత్రం ఇవి సాధారణంగా కలవవు. బీటెక్‌లో ఆ సబ్జెక్టు చదివి ఉంటే సిలబస్ చూపించి మినహాయింపు అడిగే పద్ధతి చాలా డిపార్ట్‌మెంట్లలో ఉంది. ఒక్క కోర్సు మినహాయించినా ఒక కోర్సు ఫీజు మిగులుతుంది. అంత డబ్బు మిగిల్చే పీడీఎఫ్ ఇంకోటి ఉండదు.

నంబరు చెప్పే కథ

కోర్సు కేటలాగ్ మొదటిసారి తెరిస్తే రైల్వే టైమ్‌టేబుల్ చూసినట్టే ఉంటుంది. కాస్త అలవాటైతే కోర్సు నంబరే చాలా చెప్తుంది. డాలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో ‘సీఎస్ 6363’ అంటే ఆల్గరిథమ్స్ కోర్సు. మొదటి అంకె 6 అది గ్రాడ్యుయేట్ స్థాయి అని, రెండో అంకె 3 అది మూడు క్రెడిట్లని చెప్తుంది. అదే టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో మూడంకెల నంబర్లు, క్రెడిట్లు చెప్పేది మొదటి అంకె. కాబట్టి ఒక యూనివర్సిటీలో ఉన్న అన్నయ్య చెప్పిన గుర్తు ఇంకో దాంట్లో పనికిరాకపోవచ్చు.

రోజుల దగ్గర ఇంకో తమాషా. పట్టికలో మంగళవారానికి టీ అని, గురువారానికి ఆర్ అని వేస్తారు, రెండూ టీ తోనే మొదలవుతాయి కాబట్టి. టీఆర్ అని ఉంటే మంగళ, గురువారాలు. కొన్నిచోట్ల లెక్చర్‌తో పాటు ల్యాబ్ లేదా రెసిటేషన్ సెక్షన్ కూడా జతగా ఎంచుకోవాలి. ఒక్కటే ఎంచుకుంటే సిస్టమ్ ఒప్పుకోదు. అరిజోనా స్టేట్ లాంటి చోట సెమిస్టర్‌ని సెషన్లుగా విడగొడతారు. ఏ, బీ సెషన్లు ఏడున్నర వారాలు, సీ సెషన్ పూర్తి సెమిస్టర్. ఏడున్నర వారాల కోర్సులో సగం సమయంలోనే అంతా అయిపోవాలి. కొత్త దేశంలో, కొత్త పరీక్షా పద్ధతిలో మొదటి అడుగే అందులో వేయకపోవడం మేలని నా అభిప్రాయం.

గ్రాడ్యుయేట్ క్లాసులు చాలావరకు సాయంత్రాలు ఉంటాయి. వారానికి ఒకటే క్లాసు, రాత్రి 7 నుంచి 9.45 దాకా సాగేవీ ఉన్నాయి. వినడానికి బాగుంటుంది. మీ అపార్ట్‌మెంట్ వైపు చివరి బస్సు ఎన్నింటికో చూశాక బుక్ చేయండి. కారు లేని మొదటి సెమిస్టర్‌లో ఇది చిన్న విషయం కాదు.

సెప్టెంబరును చూసి ఎంచుకోండి

అసలు విషయం ఇది. ఆగస్టు మూడో వారంలో దిగుతారు, సెప్టెంబరు, అక్టోబరుల్లో క్యాంపస్ కెరీర్ ఫెయిర్ పెడతారు. పెద్ద కంపెనీలు వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు అప్లికేషన్లు తెరిచేది కూడా అప్పుడే. అంటే జెట్‌లాగ్ తీరిన నెలకే రెజ్యూమె పట్టుకుని క్యూలో నిలబడాలి. ఆ రోజు మీ రెజ్యూమెలో అమెరికా చదువు కింద ఉండేది ఒక్కటే: ఈ సెమిస్టర్‌లో చదువుతున్న మూడు కోర్సుల పేర్లు.

అందుకని ఎంపిక ఇలా ఉంటే బాగుంటుందనుకుంటాను. ఒకటి, ఇంటర్వ్యూలకు పనికొచ్చే గట్టి కోర్ కోర్సు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు అది ఆల్గరిథమ్స్. కోడింగ్ రౌండ్లకు ఎలాగూ ప్రిపేర్ కావాలి, అదే చదువుకు మార్కులు కూడా వస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి. రెండోది, చేతిలో చూపించడానికి ప్రాజెక్ట్ మిగిల్చే కోర్సు. డేటాబేస్, క్లౌడ్, మెషిన్ లెర్నింగ్, మీ దారి ఏదైతే అది. మూడోది బీటెక్‌లో కొంత పరిచయం ఉన్న సబ్జెక్టు, ఊపిరి తీసుకోవడానికి. మూడూ కొండల్లాంటివే తీసుకుంటే డిసెంబరులో గ్రేడ్లు ఏడిపిస్తాయి. మాస్టర్స్‌లో సగటు 3.0 కంటే తగ్గితే చాలా యూనివర్సిటీలు ప్రొబేషన్‌లో పెడతాయి. మూడూ తేలికవే తీసుకున్నా కష్టమే. కెరీర్ ఫెయిర్‌లో రిక్రూటర్ ‘ఈ సెమిస్టర్‌లో ఏం చేస్తున్నావ్’ అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనుమతి కావాలి. ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదివాకే అది వస్తుంది. ఫాల్‌లో చేరినవాళ్లకు ఫాల్, స్ప్రింగ్ పూర్తవుతాయి కాబట్టి మే నెలకు దారి తెరుచుకుంటుంది. జనవరిలో చేరినవాళ్లకు మొదటి వేసవికి ఒక్క సెమిస్టరే అయి ఉంటుంది, అందుకని సాధారణంగా ఆ వేసవి చేజారుతుంది. స్ప్రింగ్ అడ్మిషన్ తీసుకునే ముందే తెలిసి ఉండాల్సిన సంగతి ఇది. పైగా ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగంగా ఒక కోర్సులా రిజిస్టర్ చేసుకోవాలని, అంతకుముందు ఫలానా కోర్ కోర్సులు పూర్తయి ఉండాలని చాలా డిపార్ట్‌మెంట్లు షరతు పెడతాయి. ఆ జాబితా డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. మొదటి సెమిస్టర్ కోర్సులు ఎంచుకునేది ఆ పేజీ చదివాకే.

‘మొదటి రోజు నుంచే సీపీటీ’ అని కొందరు కన్సల్టెంట్లు ఊరిస్తుంటారు. నిబంధనల్లో మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ప్రోగ్రాం స్వభావం వల్ల మొదటి నుంచే పని అనుభవం తప్పనిసరైన గ్రాడ్యుయేట్ కోర్సులకే అది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే చదువయ్యాక వచ్చే ఓపీటీ పోతుంది. ఆ ఓపీటీ 12 నెలలు, స్టెమ్ కోర్సులకు దానిపై మరో 24. మీ ప్రోగ్రాం స్టెమ్ అవునా కాదా అన్నది డిగ్రీ పేరును బట్టి కాదు, ఐ-20 మీద ఉండే సీఐపీ కోడ్‌ను బట్టి. కంప్యూటర్ సైన్స్‌కి వాడే 11.0701 స్టెమ్ జాబితాలో ఉంది. మీ కోడ్ ఏంటో ఈ రోజే తీసి చూసుకోండి.

సీనియర్ల లిస్టు, వెయిట్‌లిస్టు

ప్రతి యూనివర్సిటీకీ మనవాళ్ల వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. అందులో ‘ఈ సార్ ఏ గ్రేడ్లు ఇస్తారు, ఆ మేడమ్ దగ్గరికి వెళ్లొద్దు’ అనే లిస్టు తిరుగుతుంది. చూడండి, తప్పు లేదు. కానీ అది ఎప్పటిదో, రాసినవాళ్ల లక్ష్యం ఏంటో తెలియదు. దానికంటే నమ్మకమైనది పాత సెమిస్టర్ సిలబస్. హోంవర్క్‌కి ఎంత శాతం, పరీక్షలకు ఎంత, ప్రాజెక్ట్ ఉందా, అన్నీ అందులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరక్కపోతే ప్రొఫెసర్‌కు నాలుగు లైన్ల మెయిల్ రాయండి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని పేజీ నిండా అక్కర్లేదు. పేరు, ప్రోగ్రాం, అడగదలుచుకున్నది రాస్తే చాలు.

కావాల్సిన సెక్షన్ నిండితే వెయిట్‌లిస్టులో చేరండి. మొదటి వారంలో చాలామంది కోర్సులు మారుస్తారు, సీట్లు కదులుతాయి. ఈలోపు చేతిలో 9 క్రెడిట్లు నిండేలా వేరే కోర్సు ఒకటి ఉంచుకోవాలి. వెయిట్‌లిస్టులో ఉన్న కోర్సు క్రెడిట్ల లెక్కలోకి రాదు. ‘నా సీటు నీకిస్తా, ఇంత పంపు’ అని గ్రూపుల్లో వచ్చే బేరాలకు దూరంగా ఉండండి. వెయిట్‌లిస్టు ఉన్న కోర్సులో అతను సీటు వదిలితే అది వెళ్లేది వరుసలో ముందున్న వాళ్లకు. డబ్బు పంపిన మీకు కాదు.

రిజిస్ట్రేషన్ తెరిచే టైమ్ అక్కడి గడియారం ప్రకారం. వేసవిలో డాలస్‌లో ఉదయం 8 అంటే మనకు సాయంత్రం 6.30, న్యూయార్క్‌లో 8 అంటే 5.30, కాలిఫోర్నియాలో 8 అంటే రాత్రి 8.30. కార్ట్‌లో ముందే పెట్టుకుని, రెండు ప్రత్యామ్నాయాలు రాసుకుని కూర్చోండి.

ఇంటర్ అయ్యాక బ్యాచిలర్స్‌కి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. వీసాకు 12 క్రెడిట్లు చాలు, డిగ్రీకి చాలవు. అక్కడి బ్యాచిలర్స్ సాధారణంగా 120 క్రెడిట్లు. సెమిస్టర్‌కి 12 చొప్పున ఎనిమిది సెమిస్టర్లకు 96 మాత్రమే అవుతాయి. నాలుగేళ్లలో బయటపడాలంటే సగటున 15 ఉండాలి. ఐదో ఏడాది అంటే ఇంకో ఏడాది లోన్. మొదటి సెమిస్టర్‌లో ఏ మ్యాథ్స్ కోర్సు ఇస్తారన్నది చాలాచోట్ల ప్లేస్‌మెంట్ టెస్ట్ తేలుస్తుంది. ఎంపీసీలో మంచి మార్కులున్నాయని ఆ టెస్ట్‌ను తేలిగ్గా రాస్తే, వచ్చిన లెక్కలకే మళ్లీ ఫీజు కట్టి చదవాల్సి వస్తుంది.

ఇక క్లాసులు మొదలయ్యాక కోర్సు నచ్చకపోతే మార్చుకోవడానికి యాడ్, డ్రాప్ గడువు ఉంటుంది. ఆ తేదీ దాటాక వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ పడుతుంది, ఫీజు వెనక్కి వచ్చేది కూడా తగ్గుతూ పోయి చివరికి సున్నా అవుతుంది. డ్రాప్ బటన్ నొక్కడానికి ఒక్క సెకను పడుతుంది. దానివల్ల 9 క్రెడిట్లు 6 అయితే, డీఎస్‌ఓ అనుమతి ముందే లేకపోతే, స్టేటస్ పోయినట్టే. ఇంగ్లిష్‌తో, అక్కడి బోధనా పద్ధతితో మొదట్లో ఇబ్బంది పడేవాళ్లకు క్రెడిట్లు తగ్గించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది, ఒక డిగ్రీ స్థాయికి ఒక్కసారి. ఆరోగ్య కారణాలకు వేరేగా ఉంది. రెండింటికీ వరుస ఒకటే: ముందు అపాయింట్‌మెంట్, తర్వాత కొత్త ఐ-20, ఆ తర్వాతే డ్రాప్.